సన్మానం సరే... సేవ మాటేమిటి?

శిబిరాల సంఖ్యే కొలమానంగా సేవా క్లబ్బులు
వేదిక దిగగానే మరుగున పడుతున్న వక్తల మాటలు
మళ్లీ వెళ్లి చూసినప్పుడే ఫలితం

సామర్లకోట: జులై వచ్చిందంటే గోదావరి డెల్టాలో రెండు పనులు ఒకేసారి ఊపందుకుంటాయి. ఒకటి సార్వా నాట్లు. రెండోది సేవా క్లబ్బుల పదవీ స్వీకార ప్రమాణోత్సవాలు. నాటు వేసిన రైతు వారం తిరక్కుండానే మళ్లీ చేలోకి దిగుతాడు. నారు వేరు పట్టిందా, ఎక్కడైనా మొక్క చచ్చిందా అని చూసుకుంటాడు. ఖాళీ కనిపించిన చోట మరో మొక్క గుచ్చుతాడు. సేవా కార్యక్రమాల విషయంలో ఈ రెండో చూపు కరవవుతోంది. శిబిరం జరుగుతుంది, అతిథి మాట్లాడతారు, శాలువా కప్పుతారు, ఫొటో పత్రికకు చేరుతుంది. ఆ శిబిరానికి వచ్చిన మనిషి తర్వాత ఏమయ్యాడన్నది మాత్రం ఏ నివేదికలోనూ కనిపించదు.

రోటరీ, లయన్స్, వాసవీ, వాకర్స్... పేరు ఏదైనా కావచ్చు. సామర్లకోట వంటి పట్టణంలో సేవా క్లబ్బు అంటే వైద్యుడు, రైస్ మిల్లు యజమాని, బ్యాంకు ఉద్యోగి, ఉపాధ్యాయుడు, న్యాయవాది ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు. ఇంతమంది నైపుణ్యం, పరపతి, ధనం ఒక్కచోట చేరే వేదికలు చిన్న ఊళ్లలో అరుదు. ఆ శక్తి ఊరికి అక్కరకు రావడమా, ఆర్భాటాల్లో కరిగిపోవడమా అన్నదే ప్రశ్న. ఏ ఒక్క క్లబ్బునో వేలెత్తి చూపితే తేలే విషయం కాదిది. పని జరిగే తీరునే పరిశీలించాలి.

ఒక ప్రసంగం... వందేళ్ల పని

క్లబ్బు సమావేశానికి అతిథిని పిలిచి మాట్లాడించడం నిన్న మొన్నటి ఆచారం కాదు. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో కలిసి రోటరీకి పునాది వేశారు. సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా కలుసుకునేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. వేర్వేరు వృత్తుల వారు ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. తన వృత్తి గురించి సభ్యుడు తోటివారికి వివరించడం, బయటి నుంచి తెలిసినవారిని పిలిపించి వినడం దాని నుంచి పుట్టిన సంప్రదాయాలే. అదే షికాగోలో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో 1917లో లయన్స్ సంస్థ రూపుదిద్దుకుంది. రోటరీ 1920 నాటికే కలకత్తాకు వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది.

అతిథి ప్రసంగానికి ఉన్న బలం ఏపాటిదో తెలియాలంటే లయన్స్ చరిత్రలోని ఒక రోజు చాలు. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సెడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ అంతర్జాతీయ మహాసభకు హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చారు. చూపు, వినికిడి రెండూ లేని ఆమె క్లుప్తంగానే మాట్లాడారు. అంధుల పక్షాన నిలబడి పోరాడే యోధులు కావాలని సభికులను కోరారు. అప్పటి వరకు రకరకాల పనులు చేస్తూ వచ్చిన సంస్థకు ఆ కోరికతో ఒక దారి దొరికింది. నేటికీ లయన్స్ అనగానే కంటి ఆసుపత్రులు, కళ్లజోళ్లు, నేత్రదానం గుర్తుకొస్తున్నాయంటే అది ఆ ప్రసంగ ఫలమే. 1990లో మొదలైన 'సైట్ ఫస్ట్' కార్యక్రమం కూడా దానికి కొనసాగింపే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కెల్లర్ సభికులను పొగడలేదు, ఒక పని అడిగారు. విన్నవారు చప్పట్లతో సరిపెట్టలేదు, పని నెత్తిన వేసుకున్నారు. నేడు పట్టణాల్లో జరిగే అతిథి ప్రసంగాల్లో లోపిస్తున్నవి ఈ రెండే. వక్త క్లబ్బు సేవలను కొనియాడతారు, క్లబ్బు వక్త పదవిని కొనియాడుతుంది. గంట మోగించి సభ మొదలుపెట్టి, పరిచయం, ప్రసంగం, జ్ఞాపిక, వందన సమర్పణ, విందుతో ముగించేసరికి రెండు గంటలు గడుస్తాయి. 'మీరు చెప్పినదానిలో మేం రేపు చేయాల్సిందేమిటి?' అని అడిగే సభ్యుడు ఒక్కడున్నా ఆ రెండు గంటలకు ప్రయోజనం చేకూరుతుంది.

గడప మీద గుర్తు చెప్పిన పాఠం

మళ్లీ వెళ్లడం వల్ల ఏం సాధ్యమవుతుందో చెప్పడానికి పోలియో నిర్మూలనకు మించిన ఉదాహరణ లేదు. రోటరీ 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేయించే పనికి పూనుకుంది. 1985లో 'పోలియో ప్లస్' పేరుతో దాన్ని ప్రపంచ కార్యక్రమంగా మలిచింది. 12 కోట్ల డాలర్లు సేకరించాలని తలపెడితే 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు పోగయ్యాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలతో కలిసి ప్రపంచవ్యాప్త నిర్మూలన ఉద్యమం మొదలైంది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో ఆరంభమైంది.

2009లో ఒక్క భారత్‌లోనే 741 కేసులు నమోదయ్యాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ ఆ ఏడాది అన్ని కేసులు రాలేదు. రెండేళ్లు తిరిగేసరికి చిత్రం మారిపోయింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడినదే చివరి కేసు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

ఈ విజయానికి డబ్బు, మందు మాత్రమే కారణం కాదు. ఆదివారం బూత్‌లో చుక్కలు వేసి చిటికెన వేలిపై సిరా గుర్తు పెట్టడంతో పని ముగిసేది కాదు. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడపై 'పి' అని, ఎవరైనా మిగిలిపోయిన ఇంటిపై 'ఎక్స్' అని సుద్దతో రాసేవారు. 'ఎక్స్' ఉన్న గడపకు మళ్లీ వెళ్లేవారు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లలో ప్రయాణంలో ఉన్న పిల్లలనూ వదల్లేదు. విజయవాడ, విశాఖపట్నం ప్రధాన మార్గం నుంచి కాకినాడ రైలు దారి విడిపోయే సామర్లకోట వంటి జంక్షన్ వాసులకు ఆ ఏర్పాటు అవసరం ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

చుక్కలు పడిన పిల్లలెందరో చూసి సంబరపడకుండా, మిగిలిపోయిన పిల్లల కోసం వెతకడం వల్లే ఆ మహమ్మారి దేశం విడిచింది. ఇంతటి పాఠాన్ని ప్రపంచానికి నేర్పిన క్లబ్బులు సొంత ఊరి శిబిరాల్లో మాత్రం వచ్చినవారి సంఖ్యతోనే తృప్తి పడటం విచిత్రం.

రక్తానికి గడువుంది

రక్తదాన శిబిరాన్నే తీసుకుందాం. నాయకుడి పుట్టినరోజు కావచ్చు, సంస్థ వార్షికోత్సవం కావచ్చు. ఒకే రోజు వంద యూనిట్లు, రెండు వందల యూనిట్లు సేకరించామన్న ప్రకటన వెలువడుతుంది. ఇచ్చినవారి మంచి మనసును శంకించే పని లేదు. డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతికి సుప్రీంకోర్టు 1996 తీర్పుతో తెరపడి, 1998 జనవరి 1 నుంచి నిషేధం అమల్లోకి వచ్చాక ఆసుపత్రులకు స్వచ్ఛంద దాతలే దిక్కు. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రికి ఉభయ గోదావరి ప్రాంతాల నుంచి రోగులు వస్తారు. కాన్పు కష్టమైన తల్లికైనా, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికైనా, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసేమియా చిన్నారికైనా ఆ సీసాయే ప్రాణం.

అయితే రక్తాన్ని ఎంతకాలమైనా దాచి ఉంచలేం. సేకరించిన రక్తానికి సాధారణంగా 35 రోజులే గడువు. ఎర్ర కణాలను వేరు చేసి పోషక ద్రావణంలో నిల్వ చేస్తే 42 రోజులు. డెంగీ రోగులకు ఎక్కించే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవవు. ఒకే రోజు కుప్పగా వచ్చిన రక్తంలో వాడకానికి మించినది గడువు తీరితే పారబోయాల్సిందే. ఆ రోజు ఇచ్చిన పురుషులు మూడు నెలలు, స్త్రీలు నాలుగు నెలలు ఆగాకే మళ్లీ ఇవ్వగలరు. కళాశాలలకు సెలవులు ఇచ్చి, ఎండలు ముదిరిన మే నెలలో బంధువులు దాత కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసుకునే దుస్థితి ఇందువల్లే తలెత్తుతుంది.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. 130 మంది పురుష దాతలను పదేసి మంది చొప్పున 13 జట్లుగా విడదీయవచ్చు. వారానికి ఒక జట్టు కాకినాడ వెళ్లి రక్తమిస్తే మొదటి జట్టు వంతు 91 రోజులకు తిరిగి వస్తుంది. అంటే మూడు నెలల విరామం నిండుతుంది. వారానికి పది యూనిట్ల చొప్పున ఏడాదికి 520 యూనిట్లు తాజాగా, గడువు వృథా కాకుండా అందుతాయి. అందరూ నాలుగుసార్లు ఇవ్వలేకపోయినా, సగం మంది నిలబడినా ఒక మెగా శిబిరం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. దీనికి షామియానా అక్కర్లేదు. దాతల పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకున్న పుస్తకం, దాన్ని పట్టించుకునే ఒక మనిషి చాలు. ఫొటోకు అందని పని కాబట్టే ఇది వెనకబడుతోందని అనుకోవాల్సి వస్తోంది.

కళ్లజోడు ఇచ్చాక...

క్లబ్బులకు మొదటి నుంచీ మంచి పేరు తెచ్చినవి కంటి శిబిరాలు. ఒకప్పుడు పాఠశాల గదుల్లోనే శస్త్రచికిత్సలు చేసేవారు. ఇన్‌ఫెక్షన్ల భయంతో ఆ పద్ధతి పోయి, ఊళ్లో పరీక్షలు చేసి, అవసరమైనవారిని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించే పద్ధతి వచ్చింది. 2015-19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రకారం దేశ జనాభాలో 0.36 శాతం మంది అంధులు. 50 ఏళ్లు దాటినవారిలో అంధత్వానికి 66.2 శాతం మేర శుక్లాలే కారణం. అంటే ఆపరేషన్‌తో తిరిగి చూపు తెప్పించదగినవారే ఎక్కువ. ప్రభుత్వం కూడా 2019 అక్టోబరులో కంటి వెలుగు పేరుతో బడి పిల్లల నుంచి మొదలుపెట్టి పరీక్షలు చేయించింది.

అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే ఉంది. చుక్కల మందు వేళకు వేసుకున్నారా? వారానికి, ఆ తర్వాత నెల దాటాక పరీక్షకు వెళ్లారా? కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, చూపు తగ్గినా ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలని ఎవరైనా చెప్పారా? రెండో కంటికి ఆపరేషన్ అయిందా? చత్వారంతో సూదిలో దారం ఎక్కించలేని దర్జీకి దగ్గరి చూపు అద్దాలు అందాయా? కూలి పోతుందని, తోడు వచ్చేవారు లేరని ఆగిపోయేది ఎక్కువగా వృద్ధ మహిళలే. శిబిరంలో పేరు రాయించుకుని బస్సెక్కని వాళ్ల జాబితా ప్రతి శిబిరంలోనూ మిగులుతుంది. పోలియో భాషలో చెప్పాలంటే అవి 'ఎక్స్' గుర్తు పడిన ఇళ్లు. ఆ జాబితా పట్టుకుని రెండో వారం వార్డులో తిరిగితే క్లబ్బు చేసిన ఖర్చుకు నిజమైన విలువ వస్తుంది.

పరీక్షలు ఎంతమందికి చేశామన్నది కాక, ఆరు వారాల తర్వాత ఎంతమంది చూడగలుగుతున్నారన్నది ప్రకటిస్తే ఆ ఒక్క అంకె మిగతా అన్నింటికన్నా బరువైనది.

ఏడాది పదవి, ఎన్నేళ్ల పని?

తిరిగి చూడకపోవడానికి సభ్యుల నిర్లక్ష్యమే కారణమనడం న్యాయం కాదు. క్లబ్బుల కట్టుబాటులోనే ఒక చిక్కుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవులు జులై 1తో మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తాయి. ప్రతి అధ్యక్షుడూ తన ఏడాదికి ఒక గుర్తు ఉండాలనుకోవడం సహజం. దాంతో కొత్త ప్రాజెక్టుకు ఉన్న ఆకర్షణ పాతదాని మరమ్మతుకు ఉండదు. బడిలో మంచినీటి యంత్రం బిగిస్తే ప్రారంభోత్సవం ఉంటుంది. ఫిల్టర్ మార్చితే ఏ ఉత్సవమూ ఉండదు. 2021లో కొవిడ్ రెండో దశలో రాష్ట్రమంతటా సేవా సంస్థలు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు అందించి ఎందరినో ఆదుకున్నాయి. ఆ యంత్రాలు ఎక్కడున్నాయి, పనిచేసే స్థితిలో ఉన్నాయా అన్న లెక్క తీసి ఊపిరితిత్తుల జబ్బున్న పేదలకు ఇవ్వడం కూడా సేవే. దానికి కొత్తగా పైసా ఖర్చు కాదు.

గోదావరి సీమకు దానం కొత్త కాదు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికీ వండి వడ్డించిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరును బడి భోజన పథకానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టుకుంది. రంగూన్‌లో ఆర్జించిన మల్లాడి సత్యలింగం నాయకర్ వీలునామా రాసి ఏర్పరచిన ధర్మ సంస్థలు కాకినాడలో తరాలు దాటినా నడుస్తున్నాయి. కందుకూరి వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి ధారపోశారు. వీరి దానాలు నిలవడానికి కారణం సొమ్ము ఒక్కటే కాదు. తమ తర్వాత ఆ పనిని ఎవరు, ఎలా నడపాలో వారు ముందుగా ఏర్పాటు చేశారు. సీతమ్మ విషయానికొస్తే పొయ్యి ఏ రోజూ ఆరనివ్వకపోవడమే ఆమె ఏర్పాటు. ఏడాదికొక అధ్యక్షుడు మారే క్లబ్బు నేర్చుకోవాల్సింది ఇదే. కనీసం మూడేళ్లకు ఒక పని ఎంచుకుని, ముగ్గురు అధ్యక్షులూ దానికి కట్టుబడితే ఫలితం కనిపిస్తుంది.

వక్తలు దూరాన లేరు

ఇక వక్తల సంగతి. ఆహ్వాన పత్రికలు తిరగేస్తే అధికారులు, ప్రజాప్రతినిధులు, పొరుగు క్లబ్బుల పెద్దల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. వారిని పిలవడం తప్పు కాదు. కానీ సామర్లకోటకు ఉన్న వెసులుబాటు చాలా పట్టణాలకు లేదు. పట్టుమని పదిహేను కిలోమీటర్ల దూరంలో కాకినాడ ఉంది. అక్కడ రంగరాయ వైద్య కళాశాల, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. సామర్లకోటలోనే గ్రామీణాభివృద్ధి సిబ్బందికి, పంచాయతీ ప్రజాప్రతినిధులకు పాఠాలు చెప్పే విస్తరణ శిక్షణ కేంద్రం ఉంది. పంచాయతీ నిధులు ఎలా వస్తాయి, వార్డు సభలో ఏం అడగవచ్చు అన్న విషయాలు చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఎవరినీ రప్పించాల్సిన పని లేదు.

చదువును ఊరి కష్టంతో ముడిపెట్టిన చరిత్ర కూడా ఈ ఊరికి ఉంది. 19వ శతాబ్దం ముగిసే నాటికి గోదావరి డెల్టాలో చెరకు తోటలను ఎర్రకుళ్లు తెగులు ఊడ్చిపెట్టింది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ.బార్బర్ ఆ తెగులును పరిశీలించారు. 1902లో సామర్లకోటలోనే చెరకు ప్రయోగ క్షేత్రం వెలిసింది. శాస్త్రవేత్త రైతుకు ఉపన్యాసమిచ్చి వెళ్లలేదు, ఇక్కడి మట్టిలోనే మొక్క నాటి చూపారు. అతిథి అంటే అలా ఉండాలి.

పదవి లేని వక్తలు కూడా మన చుట్టూ ఉన్నారు. ఏ వీధిలో రక్తహీనత ఉన్న గర్భిణులు ఉన్నారో ఏఎన్ఎంకు తెలుసు. కాలువలో ఏ రేవు దగ్గర చెత్త పేరుకుంటోందో లస్కరుకు తెలుసు. తడి చెత్త, పొడి చెత్త కలిపి ఇస్తే చేతికి గాజుపెంకు ఎలా గుచ్చుకుంటుందో పారిశుద్ధ్య కార్మికురాలికి తెలుసు. అప్పు తీర్చడంలో ఏ ఇల్లు ఎందుకు తడబడుతోందో డ్వాక్రా సంఘం లీడరుకు తెలుసు. వారిని ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టి వింటే క్లబ్బుకు ఆ ఏడాది ప్రణాళిక దానంతట అదే తయారవుతుంది. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు సభ్యత్వ ద్వారాలు తెరిచాయి. వేదికపై మహిళా వక్తల సంఖ్య అందుకు తగినట్టు పెరగాల్సి ఉంది. ప్రసంగం తెలుగులో సాగాలన్నది మరో అవసరం. సగం ఆంగ్లంలో సాగే సభకు వార్డు నుంచి వచ్చిన మనిషి చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే మిగులుతోంది.

గట్టు మీదే సభ

ప్రసంగం ఎవరు చేశారన్నదే కాదు, ఎవరి ముందు చేశారన్నదీ ముఖ్యమే. పాముకాటు ఇందుకు మంచి ఉదాహరణ. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించినట్టు పరిశోధకుల అంచనా. ఆ మరణాలు అధికంగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రకటించింది. కాటు వేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాలు కదపకుండా ఉంచి, మంత్రగాడి దగ్గర కాలయాపన చేయకుండా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఈ మాటలు ఏసీ హాలులో వ్యాపారులకు చెబితే వచ్చే లాభం స్వల్పం. నాట్ల కాలంలో పొద్దున్నే చేలోకి దిగే కూలీలకు గట్టు మీద, కోతలప్పుడు కళ్లంలో చెబితే ఒక ప్రాణం నిలవవచ్చు. రోటరీ శాసన మండలి 2016లో నియమాలు సడలించి, వారం వారం కలవాలన్న నిబంధనకు బదులు నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలని వెసులుబాటు ఇచ్చింది. అలా మిగిలిన వారాల్లో ఒకటి గట్టు మీద గడపవచ్చు.

వరదలు, తుఫాన్ల సంగతీ అంతే. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను ఎలా చెరిపిందో ఆ తరానికి గుర్తే. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు పరిసరాల్లో చేలు మునిగాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి కాకినాడ తీరమంతా కంటిమీద కునుకు లేకుండా గడిపింది. నీళ్లు వచ్చాక పులిహోర పొట్లాలు పంచడంలో మన ఊళ్లు ఎప్పుడూ వెనకాడలేదు. నీళ్లు రాకముందే ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారు, ఎవరికి నెలలు నిండాయి, ఏ వృద్ధులకు తోడు లేదు అన్న జాబితా తయారు చేసి ఉంచుకునే సంస్థలే కావాలి.

లెక్క చెప్పే అలవాటు

నిధులకు లోటుందన్న మాట తరచూ వినిపిస్తుంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం నిబంధన ప్రకారం, రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభం... వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలనీ చట్టం చెబుతోంది. సామర్లకోట, పెద్దాపురం మధ్య పరిశ్రమలు ఉన్నాయి. ఊరికి ఏం కావాలో అంకెలతో, పేర్లతో చూపగలిగిన క్లబ్బు ఆ తలుపు ధైర్యంగా తట్టగలదు. 'శిబిరం పెడతాం, ఇవ్వండి' అనడానికీ, 'మా మూడు వార్డుల్లో రెండో కంటికి ఆపరేషన్ కావాల్సినవారు వీరు' అనడానికీ చాలా తేడా ఉంది.

వచ్చిన సొమ్ములో వేదిక, విందు, జ్ఞాపికలకు ఎంత, రోగికి ఎంత అన్నది ఏడాది చివర తెలుగులో రాసి మున్సిపల్ కార్యాలయం నోటీసు బోర్డుపై అంటిస్తే ఇచ్చినవారికి నమ్మకం, పుచ్చుకున్నవారికి గౌరవం. సత్యం, న్యాయం, సద్భావం, అందరి మేలు అనే నాలుగు గీటురాళ్లను సమావేశాల్లో తలచుకునే రోటరీ వంటి సంస్థకు ఇది భారం కాకూడదు.

ఇలా చేస్తే మేలు

అతిథి ప్రసంగం ముగిశాక పది నిమిషాలు ప్రశ్నలకు కేటాయించి, చేయాల్సిన పని ఒక్కటి తీర్మానంగా రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత అదే వక్తను మళ్లీ పిలిచి ఏం జరిగిందో చెప్పాలి.

ప్రతి శిబిరానికీ రెండో తేదీ కూడా ముందే ప్రకటించాలి. రానివారిని, మధ్యలో మానేసినవారిని వెతికేది ఆ రోజే.

రక్తదాతల వంతుల పట్టిక ఏడాది పొడవునా నడవాలి. మే నెల బాధ్యతను ప్రత్యేకంగా ఒకరికి అప్పగించాలి.

దిగిపోయే అధ్యక్షుడు కొత్తవారికి పతకంతోపాటు, ఇదివరకు ఇచ్చిన యంత్రాలు, కట్టిన గదులు, వాటి ప్రస్తుత స్థితి రాసిన పుస్తకాన్ని కూడా అందించాలి.

ఊళ్లో ఉన్న క్లబ్బులన్నీ ఏడాదికోసారైనా ఒకచోట చేరి వార్డులు, పనులు పంచుకుంటే ఒకే బడికి మూడు సంస్థలు నోటు పుస్తకాలిచ్చి, పక్క బడికి ఒక్కటీ అందని పరిస్థితి రాదు.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. శాలువాకు పెట్టే సొమ్ముతో ఒక వృద్ధురాలిని రెండో పరీక్షకు కాకినాడ తీసుకెళ్లి తీసుకురావచ్చు. ఆమెకు తోడుగా వెళ్లడానికి ఒక సభ్యుడు అరపూట దుకాణం మూసుకోగలడా అన్నదే క్లబ్బుల ముందున్న అసలు ప్రశ్న.